పట్టాల అవతలి బడి

మొన్న శనివారం మా బిల్డింగు లిఫ్టులో పై అంతస్తు వాళ్ళమ్మాయి వయొలిన్ పెట్టెని పొట్టకి ఆనించుకుని నిలబడి ఉంది. ఏం తోచకో ఏమో, మూత కొంచెం ఎత్తి లోపలికి చూసుకుని మళ్ళీ మూసేసింది. ఆ కాస్త సందులోంచే వాసన వచ్చింది. కమానుకి రాసే రోజిన్ వాసన. మన గుగ్గిలానికి దగ్గర చుట్టంలా ఉంటుంది, కాకపోతే పొగ ఉండదు. పాత చెక్కా, కొత్త వెల్వెట్ గుడ్డా, ఏదో చెట్టు జిగురూ కలిపి ఎండలో పెట్టినట్టుంటుంది. నేను దిగాల్సిన అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆ పిల్లతో పాటు పైదాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినదానిలా మొహం పెట్టి మళ్ళీ కిందికి వచ్చాను.

నా ఎనిమిదో ఏట అలాంటి పెట్టె ఒకటి మా ఇంట్లో సోఫా పక్కన ఉండేది. బడివాళ్ళు ఇచ్చారు, తర్వాత బడివాళ్ళే తీసుకున్నారు. ఆ మధ్యలో జరిగింది చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, ఎవరూ చనిపోలేదు, ఎవరిల్లూ కూలిపోలేదు, ఇందులో చెప్పడానికేముందిలే అని ప్రతిసారీ మానేస్తూ వచ్చాను.

మేముండే ఊరు షికాగోకి పడమట, నేపర్‌విల్‌కీ అరోరాకీ దగ్గర్లో ఉండేది. ఊరిపేరు చెప్పను, బళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ మార్చి చెబుతాను. అక్కడివాళ్ళు ఇప్పటికీ కూరగాయల షాపులో ఎదురుపడాల్సినవాళ్ళు. మా అపార్ట్‌మెంట్లు మూడంతస్తుల ఇటుక భవనాలు, మధ్యలో ఒక గడ్డిమైదానం, దాని చుట్టూ గుర్రపునాడాలా వంగి ఉండేవి. మెట్లు ఎక్కుతుంటే ఏ తలుపు వెనక ఏ పోపు పడిందో చెప్పేయొచ్చు. కింద తమిళవాళ్ళింట్లో ఇంగువ, ఎదురింట్లో మెక్సికో వాళ్ళ కాల్చిన మిరపకాయలు, పైన పోలండ్ ముసలావిడ ఉడికించే క్యాబేజీ, వాటన్నిటి మీదా లాండ్రీ రూములోంచి వచ్చే సబ్బు ఆవిరి. వేసవిలో చీకటి పడేసరికి తొమ్మిది దాటేది కాబట్టి మా ఆటలకి అంతుండేది కాదు. నీళ్ళ స్ప్రింక్లర్ల మధ్య పరుగులు, మంటలార్పే నీళ్ళకోసం పెట్టిన ఎర్ర ఫైర్ హైడ్రెంట్‌ని పట్టుకుంటే అవుటు కానట్టు మేం కనిపెట్టుకున్న దాగుడుమూతలు, ఏ భాషలో లెక్కపెట్టినా పదితో ముగిసే అంకెలు. అమ్మలు గడ్డిలో దుప్పట్లు పరుచుకుని, కాలింగ్ కార్డుల మీద ఇండియాతో మాట్లాడి మాట్లాడి ఎరుపెక్కిన చెవులతో, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్ళు.

మా అమ్మది హనుమకొండ. ఆకులు రంగు మారే రోజుల్లో బతుకమ్మ వచ్చేది. తంగేడు దొరకదు కాబట్టి రైలు పట్టాల వెంబడి పెరిగే పసుప్పచ్చ కంకుల పూలు కోసుకొచ్చి, షాపులో కొన్న చామంతులతో కలిపి పిజ్జా డబ్బా అట్ట మీద పేర్చేది. పార్కింగ్ లాట్‌లో రెండు కార్లు జరిపించి ఆ ఖాళీలో ఆడేవాళ్ళం. మలీద ముద్దల్లో బెల్లం వాసన, చలిగాలిలో చప్పట్ల చప్పుడు, ఏం జరుగుతోందో తెలియకపోయినా మాతోపాటు గుండ్రంగా తిరిగే పోలండ్ ముసలావిడ. జనవరిలో సకినాలు. అమ్మ నేల మీద తడిగుడ్డ పరిచి బియ్యప్పిండిని వేళ్ళతో మెలిపెడుతూ చుట్లు తిప్పుతుంటే, నాన్న కుర్చీ ఎక్కి పొగ అలారానికి స్నానాల టోపీ తొడిగేవాడు. అయినా అది మోగేది. మోగిన ప్రతిసారీ ఎవరో ఒకరు తలుపు కొట్టి, నవ్వుతూ, ఒక ప్లేటు పట్టుకుని వెళ్ళేవాళ్ళు.

ఆ వచ్చేవాళ్ళలో రామకృష్ణ అంకుల్ మొదటివాడు. వాళ్ళది తెనాలి. మేం ఆ అపార్ట్‌మెంట్లకి వచ్చినప్పుడు వాళ్ళు మా పైన ఉండేవాళ్ళు. అంకుల్, సుజాత ఆంటీ, నా ఈడు అంజలి. నాన్నకి కారు నడపడం నేర్పింది అంకులే. నాన్న ప్రాజెక్టు ఆగిపోయి ఇంట్లో కూర్చున్న చలికాలం, రోజూ సాయంత్రం వచ్చి టీ తాగి, అదీ ఇదీ మాట్లాడి, నాన్న నవ్వాకగానీ వెళ్ళేవాడు కాదు. నేను ఒకటో తరగతిలో ఉండగా వాళ్ళు పెద్దరోడ్డుకి అవతలివైపు కొత్తగా కట్టిన మేపుల్ రిడ్జ్ ఇళ్ళలో ఒకటి కొనుక్కున్నారు. గృహప్రవేశానికి ఇంటి ఆడపడుచు పాలు పొంగించాలి కదా, అంకుల్‌కి అమెరికాలో అక్కచెల్లెళ్ళెవరూ లేరు. మా అమ్మని పిలిచాడు. ఆ తెల్లవారుజామున అమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని, ఇంకా పెయింటు వాసన పోని ఆ వంటింట్లో పాలగిన్నె ముందు నిలబడి, పొంగు వచ్చేదాకా రెప్ప వేయకుండా చూడడం నాకు గుర్తుంది. ఆ రోజునుంచి ఆయన అమ్మని చెల్లెమ్మా అనే పిలిచేవాడు, అమ్మ ఆయన్ని అన్నా అనేది.

వాళ్ళ ఇళ్ళకీ మా అపార్ట్‌మెంట్లకీ మధ్య ఆ పెద్దరోడ్డు ఒక్కటే అడ్డం. బడి ఇద్దరికీ ఒకటే, మేడో స్కూల్. మా బాల్కనీలోంచి దాని జెండా కనిపించేది, గంట వినిపించేది. మా అద్దె చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల కన్నా ఎక్కువ. బాత్రూము తలుపు సరిగ్గా పడదు, కిటికీ సందుల్లోంచి చలిగాలి వస్తుంది. అయినా ఇక్కడే ఎందుకున్నామని ఎవరైనా అడిగితే నాన్న ఒక్కటే మాట చెప్పేవాడు: స్కూల్ కోసం. అది మాకే కాదు, ఆ మైదానం చుట్టూ ఉన్న తెలుగువాళ్ళందరికీ అంతే. మేడోలో మూడో తరగతినుంచే వయొలిన్ నేర్పేవాళ్ళు. అంజలికీ నాకూ ఒకే రోజు ఇచ్చారు పెట్టెలు. మేం మొదటి వారమంతా వాయించలేదు, రోజిన్ ముక్కని వాసన చూసుకుంటూ కూర్చున్నాం.

ఆ ఏడే ఏదో మొదలైంది. పిల్లలకి పెద్దవాళ్ళ మాటలు తెలియవు, మాటలు ఆగిపోవడం మాత్రం తెలుస్తుంది. బడి వెనక ఆటస్థలంలో తెల్ల ట్రైలర్లు తెచ్చి పెట్టి, వాటిలో క్లాసులు మొదలుపెట్టారు. క్యాఫెటేరియాలో చోటు చాలక మా క్లాసుకి పదిన్నరకే లంచ్ పెట్టేవాళ్ళు. ఆకలి లేకుండా తిని, ఆకలేసేసరికి లెక్కలు చేసేవాళ్ళం. బడి దగ్గరే అయినా పెద్దరోడ్డు ఉందని మాకు బస్సు వేసేవాళ్ళు. ఒక ఉదయం ఆ బస్సు మెట్ల దగ్గర కోటు వేసుకున్న ఒకాయన నిలబడి, ఎక్కే ప్రతి పిల్లకీ తల ఊపుతూ చేతిలోని మీట నొక్కాడు. మమ్మల్ని లెక్కపెడుతున్నారని తెలిసి మేం సంబరపడి, దిగి రెండోసారి ఎక్కబోయాం. డ్రైవరమ్మ ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు మాత్రం వెళ్ళి కూర్చోండి అని గసిరింది.

తలా ఒక వంట తెచ్చుకునే పొట్‌లక్‌లలో ఆడవాళ్ళు పప్పుగిన్నెల మూతలు తీస్తూ బౌండరీ అనేవాళ్ళు. మగవాళ్ళు సోఫాల్లో కూర్చుని, ప్రాపర్టీ వాల్యూ, స్కోర్లు, రేటింగ్ అనేవాళ్ళు. బడి నిండిపోయింది కాబట్టి కొంతమంది పిల్లల్ని రైలు పట్టాల అవతల ఉన్న క్వారీ రోడ్ స్కూల్‌కి మారుస్తారట. అక్కడ గదులు ఖాళీగా ఉన్నాయట. ఎందుకు ఖాళీ అంటే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఆ బడి పేరు ఎత్తినప్పుడల్లా గొంతు తగ్గించేవాళ్ళు, ఎవరికో వచ్చిన జబ్బు పేరు చెబుతున్నట్టు. రాత్రి గూడ్సుబండి కూత వినబడితే నేను దుప్పట్లో ముడుచుకుని, అటువైపు ఏముందో ఊహించుకునేదాన్ని. మేమెప్పుడూ అటు వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పనే పడలేదు.

ఒకరోజు సుజాత ఆంటీ వాళ్ళింట్లో అంజలితో ఆడుకుంటూ నీళ్ళకోసం వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ నలుగురైదుగురు ఆంటీలున్నారు. ఎవరో, ఆ అపార్ట్‌మెంట్ క్రౌడ్ వల్లేనండీ స్కోర్లు పడిపోతున్నది, ఒక ఫ్లాట్‌లో రెండేసి ఫ్యామిలీలుంటారు, అంటున్నారు. సుజాత ఆంటీ నన్ను చూసింది. గ్లాసు కడిగి, నీళ్ళు నింపి, నా చేతికిచ్చి, తల నిమిరింది. ఆ నీళ్ళు తాగుతుంటే గుటక చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముందో నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో స్కూల్ బోర్డువాళ్ళు మీటింగు పెట్టారు. దానికి రెండ్రోజుల ముందు రామకృష్ణ అంకుల్ మా ఇంటికొచ్చి మూడు పసుపు టీషర్టులు ఇచ్చి వెళ్ళాడు. వాటి మీద ఇంగ్లీషులో, మన నైబర్‌హుడ్‌ని కలిపే ఉంచండి, అని ఉంది. ఎంతమంది వస్తే అంత బలమనీ, బోర్డువాళ్ళు రంగు చూసి లెక్కేస్తారనీ, తప్పకుండా రావాలనీ నాన్నతో చెప్పాడు. నాన్న సంతోషపడ్డాడు. ఇన్నేళ్ళకి ఈ ఊళ్ళో ఒకదాని కోసం అందరితో కలిసి నిలబడబోతున్నాం అన్న సంతోషం అది. రెండు నిమిషాలు మైకులో మాట్లాడే అవకాశం ఎవరికైనా ఇస్తారని విని, ఏం మాట్లాడాలో అద్దం ముందు చెప్పుకుని చూసుకున్నాడు. అమ్మ చీర మీద టీషర్టు ఎలా వేసుకోవాలో తెలియక చుడీదార్ మీద వేసుకుంది. నాకది మోకాళ్ళదాకా వచ్చింది.

హాలంతా పసుపు రంగు. ఇన్ని కుర్చీలు ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. వేదిక మీద బోర్డువాళ్ళు నీళ్ళ సీసాలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు, వాళ్ళ వెనక తెర మీద మా ఊరి మ్యాపు. దాని మీద ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో చెప్పే గీతలు. మొదటి మ్యాపులో మేపుల్ రిడ్జ్ ఇళ్ళు గీతకి అవతల పడ్డాయి, క్వారీ రోడ్ వైపు. రెండో మ్యాపులో గీత పెద్దరోడ్డు వెంబడి వెళ్ళి, మా గుర్రపునాడాని చుట్టి, పట్టాల వైపు తిరిగింది. నాన్న కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పటికింకా ఆయన మొహంలో ఏమీ మారలేదు.

అంకుల్ మైకు దగ్గరికి వెళ్ళేసరికి చుట్టూ చప్పట్లు మోగాయి. ఆయన చాలా బాగా మాట్లాడాడు. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు. అమ్మకి టీవీ ఇంగ్లీషు అర్థమయ్యేది గానీ మైకులో వేగంగా వచ్చేది అందేది కాదు; నా చెయ్యి నొక్కి, ఏమంటుండే, అని అడిగింది. ఆయన వాక్యం తర్వాత వాక్యం చెబుతుంటే నేను అమ్మ చెవిలో తెలుగులో చెబుతూ పోయాను. ఇల్లు కొనుక్కున్నవాళ్ళు ఈ ఊరిని నమ్మి వేరు పాతుకున్నారట. రెండో మ్యాపే న్యాయమట. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళట, వాళ్ళ పిల్లలకి బడి మారడం అలవాటేనట. అమ్మ మళ్ళీ చెప్పమనలేదు. నా చెయ్యి వదిలి, తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

నాన్న పేరు ముందే ఇచ్చి ఉన్నాడు. పిలిచారు. ఆ పసుపు టీషర్టుతోనే లేచి వెళ్ళాడు. మైకు ఆయనకి ఎత్తు ఎక్కువైంది, సర్దుకోబోతే కీచుమంది. పేరు చెప్పాడు. ఎక్కడుంటామో చెప్పాడు. అపార్ట్‌మెంట్ల పేరు వినగానే ముందు వరసలో పసుపు టీషర్టులు ఒకరినొకరు చూసుకున్నాయి. ఆరేళ్ళుగా ఉంటున్నామన్నాడు. మా అమ్మాయి ఈ బడిలో వయొలిన్ నేర్చుకుంటోంది, అన్నాడు. తర్వాత అద్దం ముందు చెప్పుకున్న మాటలు ఏమైపోయాయో, నోరు తెరిచి, మూసి, మ్యాపు వైపు ఒకసారి చూసి, థాంక్యూ అని వచ్చి కూర్చున్నాడు. టైముకి పెట్టిన ఆకుపచ్చ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. తర్వాతి మనిషి పేరు పిలిచేదాకా అది అలాగే వెలిగింది.

బయట పార్కింగ్ లాట్‌లో కరిగి మళ్ళీ గడ్డకట్టిన మంచు మీద ఉప్పు చల్లి ఉంది, అడుగు వేస్తే కరకరమంటోంది. అంకుల్ కోటు గుండీలు పెట్టుకుంటూ గబగబా మా వెనకే వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. నాన్న కారు తాళం వెతుక్కుంటున్నాడు. అంకుల్ అమ్మ వైపు తిరిగాడు.

"పర్సనల్‌గా తీసుకోకండి చెల్లెమ్మా. మీ గురించి కాదు ఇది. రేపు మీరూ మా పక్కన ఇల్లు కొనుక్కుంటారు, అప్పుడు మీరూ ఇదే అంటారు."

అమ్మ ఆయన మొహంలోకే చూసింది.

"మీ ఇంట్ల పాలు పొంగిచ్చింది నేనే గద అన్నా."

"అది వేరు, ఇది వేరమ్మా," అన్నాడు అంకుల్. కోపంగా కాదు, పిల్లలకి చెప్పినట్టు మెత్తగా.

వసంతం రాకముందే బోర్డు ఓటు వేసింది. రెండో మ్యాపే గెలిచింది. ఆ సంగతి మా మెట్ల మీద ఎవరూ పెద్దగా అనుకోలేదు. ఇళ్ళల్లోనే అనుకున్నారు, తలుపులు వేసుకుని. బడి ఆఖరి రోజున నాన్నతో వెళ్ళి వయొలిన్ తిరిగిచ్చేశాను. సంగీతం టీచరు పెట్టె తెరిచి తీగలు చూసి, బాగా ఉంచుకున్నావు, అంది. రోజిన్ ముక్క ఉంచుకోనా అని అడగాలనిపించింది, అడగలేదు. ఆ వేసవిలో అంజలి రెండుసార్లు వచ్చింది, తర్వాత రాలేదు. పసుపు టీషర్టుల్లో ఒకదాన్ని అమ్మ చించి మసిగుడ్డ చేసింది. పొయ్యి మీద గిన్నెలు దించడానికి చాలా ఏళ్ళు అదే వాడింది.

పట్టాల అవతలికి బస్సులో వెళ్ళడం ఆగస్టు చివర్లో మొదలైంది. గేటు పడితే గూడ్సుబండి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, తుప్పు పట్టినవీ, రాతలు రాసినవీ, ఎప్పటికీ అయిపోనట్టు కదులుతుండేవి. మేం చేరేసరికి గంట కొట్టేసి ఉండేది, ఆఫీసులో ఆలస్యం చీటీ తీసుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. క్వారీ రోడ్ స్కూల్ నేను ఊహించుకున్నట్టు భయంకరంగా లేదు. అలసిపోయిన బడిలా ఉంది. సీలింగు పలకల మీద వాన మరకలు, వాటి కింద ఒక బకెట్, ఆ బకెట్‌ని దాటుకుంటూ నడవడం అక్కడి పిల్లలకి ఊపిరి పీల్చినంత మామూలు. లైబ్రరీ గదికి తాళం. నర్సు ఒకరోజు వస్తే ఒకరోజు రాదు. రాని రోజు జ్వరం వస్తే ఆఫీసు బెంచీ మీద పడుకోవడమే. మా టీచరు మంచి మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరింది, ప్రతి పిల్ల పేరూ సరిగ్గా పలకాలని సాయంత్రం ఉండి నేర్చుకునేది. క్రిస్మస్ సెలవుల తర్వాత ఆమె తిరిగి రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరి పేర్లూ నాకు గుర్తులేవు. వయొలిన్ ఎప్పుడు మొదలవుతుందని ఒకామెని అడిగాను. ఇక్కడ అలాంటిది లేదమ్మా, అంది, నేను సముద్రం ఎక్కడుందని అడిగినట్టు.

నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు యెసేనియా. వాళ్ళ కుటుంబం ఆ బడి ఎదురు వీధిలోనే ఉండేది, వాళ్ళ అన్నలు, అక్క, అందరూ అక్కడే చదివారు. మొదటి వారమంతా నాతో మాట్లాడలేదు. ఒకరోజు లంచ్ దగ్గర, నా డబ్బాలో నిమ్మకాయ పులిహోర వైపు చూస్తూ, మామూలుగానే అడిగింది: "మా బడికి రావాల్సి వస్తుందని మైకులో ఏడ్చినవాళ్ళు మీరేనా?"

తనూ ఆ హాల్లో ఉందట. వాళ్ళమ్మతో వెనక వరసలో కూర్చుందట. పసుపు టీషర్టులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మా పిల్లల్ని అక్కడికి పంపించొద్దు, ఏ తప్పూ చేయని పిల్లల్ని అక్కడికి పంపుతారా, అని అంటుంటే వాళ్ళమ్మ అర్థం చెప్పమని అడిగిందట. తను చెప్పిందట. నాన్న ఏం మాట్లాడాడో, ఏం మాట్లాడలేకపోయాడో చెప్పాలనుకున్నాను. కానీ ఆయనా ఆ రంగు వేసుకునే వెళ్ళాడు, ఆ రంగు ఎందుకో తనకి తెలుసుననుకునే వెళ్ళాడు. డబ్బా తనవైపు జరిపాను. యెసేనియా కొంచెం తీసుకుని తిని, పుల్లగా ఉంది, అంది. ఇంకొంచెం తీసుకుంది. తర్వాత ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం కలిసే తిన్నాం. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. నేనూ జవాబు చెప్పలేదు.

రెండో ఏడు, ఆ బడి పరీక్షల్లో వరసగా వెనకబడినందువల్ల, కావాలనుకున్నవాళ్ళు పిల్లల్ని మెరుగైన బడికి మార్చుకోవచ్చని చెప్పారు. చాయిస్ అన్నారు దాన్ని. నాన్న ఆ మాటని రెండు మూడుసార్లు పలికాడు. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, కారు తీయకుండా, మా ఇంటినుంచి మేడో స్కూల్ దాకా నడుచుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి బూట్లు విప్పుతూ, ఖాళీ లేదట, అన్నాడు. అమ్మ అన్నం వడ్డించింది. తింటూ తింటూ మధ్యలో ఆగి, ఆ తెల్ల ట్రైలర్లు తీసేసిన్రు, ఆ జాగల పిల్లలకు పూలతోట పెట్టిన్రు, మంచిగున్నది, అన్నాడు.

ఇల్లు కొనాలని నాన్న ఎంతో తాపత్రయపడ్డాడు. గీతకి లోపల ఎక్కడ చిన్న టౌన్‌హౌస్ ఖాళీ అయినా ఆదివారం వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. అంతలో మార్కెట్ పడింది. నాన్న కాంట్రాక్టు పోయింది, గ్రీన్ కార్డు ఫైలు ఆగిపోయింది, కొనడమన్న మాటే ఇంట్లో వినపడకుండా పోయింది. మా మైదానం చుట్టూ తెలుగువాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. వీలైనవాళ్ళు రోడ్డు దాటి గీత లోపలికి, వీలుకానివాళ్ళు వేరే రాష్ట్రానికి. ఒక్కో నెలా ఇంకొక కిటికీలో లైటు వెలగడం మానేసేది. బతుకమ్మకి కార్లు జరపాల్సిన అవసరం లేకుండా పోయింది; ఆ ఏడు అమ్మా నేనూ పోలండ్ ముసలావిడా, ముగ్గురమే తిరిగాం. మరుసటి ఏడు ఆవిడ లేదు, అమ్మ పూలు కోయలేదు. సకినాలు చేసినప్పుడు అలారం మోగింది. ఎవరూ తలుపు కొట్టలేదు. నాన్న కుర్చీ ఎక్కి బ్యాటరీ తీసేశాడు.

హైస్కూల్‌కి వచ్చేసరికి అందరం మళ్ళీ ఒకే భవనంలో పడ్డాం, రోడ్డుకి ఇవతలివాళ్ళం, అవతలివాళ్ళం. ఇక గీత పోయిందనుకున్నాను. మొదటి వారం కౌన్సెలర్ నా పాత బడి పేరు అడిగి, లెక్కల్లో నువ్వు మామూలు క్లాసుతో మొదలుపెట్టడమే నయం, అన్నాడు. నేను వెళ్ళిన గదిలో సగంమంది క్వారీ రోడ్ పిల్లలే. యెసేనియా ముందే వచ్చి నాకు చోటు ఉంచింది. అంజలి ఆనర్స్ క్లాసులకి వెళ్ళే మెట్లు వేరే వైపు ఉండేవి. ఒకసారి ఆర్కెస్ట్రా గది బయట ఎదురుపడ్డాం. తన చేతిలో పెట్టె ఉంది, మునుపటికన్నా పెద్దది. ఆంటీ ఎలా ఉందని తను అడిగింది, ఆంటీ ఎలా ఉందని నేనూ అడిగాను. గంట కొట్టారు. తను నల్ల గౌను వేసుకుని స్టేజి మీద వాయించిన సాయంత్రం నేను చివర్లో నిలబడి విన్నాను. బాగా వాయించింది. చప్పట్లు కొట్టాను, నిజంగానే కొట్టాను. బయటికొచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను. కొంచెం చుట్టు తిరిగి, రెండేళ్ళు ఆలస్యంగా చేరాను, అంతే. యెసేనియా కాలేజీ మధ్యలో మానేసి ఇప్పుడు టెక్సస్‌లో ఉంటోంది. పిల్లల ఫోటోలు పంపుతుంది. అమ్మానాన్నలకి ఆలస్యంగానైనా గ్రీన్ కార్డు వచ్చింది, పక్క ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కున్నారు, కొన్నప్పటికి వాళ్ళకి బడికి వెళ్ళే పిల్లలెవరూ లేరు. గృహప్రవేశానికి సుజాత ఆంటీ ఒక్కతే వచ్చింది, కుంకుమ భరిణె ఇచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళింది. రామకృష్ణ అన్న ఎట్లున్నడని అమ్మే ముందు అడిగింది. మోకాళ్ళు పట్టేశాయని ఆంటీ చెప్పింది. ఇద్దరూ మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నారు.

పోయిన డిసెంబరులో అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఒకరోజు తెల్లవారకముందే నిద్ర పట్టక కారు తీసుకుని అటు వెళ్ళాను. క్వారీ రోడ్ స్కూల్ లేదు. నేను హైస్కూల్లో ఉండగానే మూసేశారు, తర్వాత పడగొట్టారు; గడ్డి, దాని చుట్టూ వైరు కంచె, అంతే. యెసేనియా వాళ్ళ వీధిలో బడి గంటకి లేచే అలవాటున్న పిల్లలెవరూ ఇప్పుడు లేరు. మా అపార్ట్‌మెంట్లకి కొత్త పేరు, కొత్త రంగు. మైదానం మధ్యలోకి పార్కింగ్ వచ్చింది. హైడ్రెంట్ ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. మెట్ల దగ్గర నిలబడితే ఏ పోపు వాసనా రాలేదు. అయినా కొన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయి, అంత పొద్దున్నే.

వాళ్ళు బస్సుకోసం లేచినవాళ్ళని కాసేపటికి తెలిసింది. చీకట్లో కోట్లు కప్పుకున్న పిల్లలు ఒక్కొక్కరే దిగి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డారు, వెనకాల ఒకరిద్దరు తల్లులు. పట్టాల అవతలి బడి లేదు కాబట్టి వీళ్ళని ఇప్పుడు ఇంకా దూరం, ఊరి దక్షిణపు చివరికి పంపుతున్నారు. బస్సు వచ్చింది. లోపల లైట్లు వేసి ఉండడంతో పిల్లలు సీట్లలో కూర్చోవడం, కూర్చోగానే అద్దానికి తల ఆన్చి కళ్ళు మూసుకోవడం బయటికి స్పష్టంగా కనిపించింది. ఏమీ అనుకోకుండానే దాని వెనకే కారు నడిపాను. బస్సు పెద్దరోడ్డు ఎక్కి, కుడివైపు తిరిగి, మేడో స్కూల్ ముందుకి వచ్చింది. అక్కడ కిటికీలన్నీ వెలుగుతున్నాయి, లోపల ఎవరో కుర్చీలు సర్దుతున్నారు. సిగ్నల్ ఎర్రగా పడితే బస్సు సరిగ్గా గుమ్మం ఎదుట ఆగింది. పిల్లలు కళ్ళు తెరవలేదు. పచ్చలైటు పడింది, బస్సు వెళ్ళిపోయింది.